నేను పారేసిన ఒకే ఒక్క సంచి

శనివారం సముద్రం ఒడ్డున నేను తిట్టిన తిట్లు మీరంతా విన్నారు. అవి చివరికి ఎవరికి తగిలాయో మాత్రం మీకు తెలియదు. ఆ యంగోనా గిన్నె ఇటు జరపండి, ఒక గుక్క తాగి చెబుతాను. ఒట్టి గొంతుతో చెప్పుకునే సంగతి కాదు.

నా మనవరాలు రోష్ని మీకు తెలుసు. మన ద్రాసా ఊళ్ళో నా దగ్గరే ఉండి, రోజూ బస్సెక్కి లౌటోకాలో యూనివర్సిటీకి వెళ్తోంది. పర్యావరణం చదువుతోంది. చదివి ఊరుకుంటే బాగుండేది, అలాగే బతుకుతానంటుంది! స్టీలు టిఫిన్‌లోనే తిండి. భుజాన గుడ్డసంచి. ఒక్క బకెట్టు నీళ్ళతో స్నానం. చెరుకాకు కాల్చొద్దని నాతో పోట్లాట. నాకు ఒళ్ళు మండేది.

"ఇదంతా మీ లెక్చరర్ చెప్తేగానీ తెలియలేదా? మా అమ్మ ఒకే రేకు డబ్బాలో బియ్యం కొలిచింది, అడుగు చిల్లు పడ్డాక అందులోనే తులసి పెంచింది. అప్పుడు దాన్ని పేదరికం అన్నారు. ఇప్పుడు దానికే ఇంగ్లీషు పేరు పెట్టి డిగ్రీ ఇస్తున్నారు! నా జన్మలో నేను ఒక్క వస్తువు పారేయలేదు, తెలుసా?"

అబద్ధం కాదు. షాపుల్లో ప్లాస్టిక్ సంచులు ఇవ్వడం మానేసి ఎన్నాళ్ళయింది? నా పరుపు కింద ఇంకా ఓ దొంతర ఉంది. బా టౌన్లో ఎప్పుడో మూతపడ్డ బట్టల కొట్టువి, ఎర్రగళ్ళ సంచులు. కడిగి, ఆరేసి, మడత పెట్టినవి.

ఆ పిల్ల ఒకరోజు నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "తాతా, మా స్టూడెంట్లంతా కలిసి మడచెట్ల దగ్గర ఒడ్డు శుభ్రం చేస్తున్నాం. అక్కడ చెత్తలో సగం మనవాళ్ళు పూజ పూలతో విసిరేసే సంచులే. మన గుడివాళ్ళకి నేను చెప్తే, చిన్నపిల్ల దేవుడి విషయంలో నోరెత్తిందంటారు. నువ్వు చెప్తే వింటారు. కానీ కోప్పడకు తాతా. ఈసారి వాళ్ళు అలిగి వెళ్ళిపోతే మళ్ళీ రారు."

"నేనెందుకు కోప్పడతాను?" అన్నాను కోపంగా.

తర్వాత జరిగింది మీకు తెలిసిందే. నేను పిలిస్తే మీరంతా వచ్చారు. ఆ బురదలో సంచి మీద సంచి బయటికొస్తుంటే నా నోరు ఆగలేదు. "సిగ్గులేదా? మన పెద్దలు గిర్మిట్ కూలీలుగా ఈ దీవుల్లో ఓడ దిగి, ఈ సముద్రాన్నే గంగ అనుకుని మొక్కారు. మీరు గంగ నోట్లో ప్లాస్టిక్ కుక్కుతారా? ఏ బుద్ధిలేని వెధవ పని ఇది?" అన్నాను. మీరు మూతులు ముడుచుకుని వ్యాన్ ఎక్కారు. రోష్ని వంగి చెత్త ఏరుకుంది.

అప్పుడే రోష్ని స్నేహితురాలు మేరే, మన పిల్లలకన్నా చక్కగా హిందీ మాట్లాడే ఈ దీవుల మూలవాసి కాయివీతీ పిల్ల, మడచెట్ల వేళ్ళ మధ్య నుంచి ఒక బురదముద్దను లాగింది. "ఆజా తాతా, ఈ ముడి నాకు రావడం లేదు. కొంచెం విప్పవా?"

తీసుకుని చూశాను. చెరుకు మోపుకి వేసే ముడి! "ఎవడు కట్టాడో గానీ పనిమంతుడు. ఈ రోజుల్లో ఇలాంటి ముడి ఎవరికొచ్చు?" అని మెచ్చుకుంటూ, బురద పోవడానికి నీళ్ళలో జాడించాను.

ఎర్రగళ్ళు.

కిందటి నెలలో మా ఆవిడ సంవత్సరీకం, అదే మీ వదినది. పూలు నీళ్ళలో కలపమన్నాడు పంతులు. బస్సులో రాలిపోకుండా గట్టిగా ముడి వేశాను. తీరా ఆ ఒడ్డుకి వెళ్తే మోకాళ్ళ నొప్పి, ముందంతా బురద. గట్టు మీద నిలబడి, దండం పెట్టి, సంచితో సహా విసిరేశాను.

ముడి విప్పాను. నల్లబడి కుళ్ళిన బంతిపూలు. పసుపు. పూజలో పూలతో పాటు పెట్టిన, ఆమె కట్టుకున్న ఆకుపచ్చ చీర అంచుముక్క. ఆ అంచు చూడగానే రోష్ని బురదలోనే కూలబడింది.

"తాతా... అవ్వకి ఒక్క పువ్వు కూడా అందలేదు."

కూలీలతో, కరువుతో, తుఫానులతో పోట్లాడి బతికినవాణ్ణి. ఆ ఒక్క మాటకి లొంగిపోయి, సంచి పట్టుకుని నీళ్ళ వైపు నడిచాను.

ఒక చెయ్యి రోష్ని పట్టుకుంది, ఒకటి మేరే. మోకాలిలోతు బురద దాటి, ఆ పూలను విడిగా నీళ్ళలో వదిలాను. చీరముక్క కూడా వెయ్యబోతే రోష్ని నా చెయ్యి ఆపింది. "ఇది నైలాన్ తాతా, కరగదు. నా దగ్గర ఉంచుకుంటాను." కడిగి, పిండి, గుడ్డసంచిలో దాచుకుంది.

బస్సులో అడిగాను, "నీ పని చెడగొట్టానా అమ్మా?"

"నీ తిట్లకి వెళ్ళిపోయారు తాతా. ఈ సంచి సంగతి చెప్తే తిరిగి వస్తారేమో."

అందుకే ఇలా మీ ముందు కూర్చున్నాను. ఆ బుద్ధిలేని వెధవను నేనే. వచ్చే శనివారం ఆ పిల్ల మళ్ళీ అక్కడే ఉంటుంది. రండి. పూజ పూలుంటే అరిటాకులో తెండి. ఈసారి తిట్టను, నా మీద ఒట్టు.

ఇంకొక్కటి. ఇంటికి రాగానే ఆ సంచిని సబ్బు పెట్టి కడిగి, తీగ మీద ఆరేశాను. రోష్ని చూసి తల పట్టుకుంది.

"తాతా! ఇంకా అదెందుకు? అవతల పారెయ్!"

"అమ్మా, జన్మలో ఒక్కసారి పారేశాను. ఏమైందో చూశావుగా!"