నలుగురు కాపలావాళ్లూ ఒక ఫోనూ

ఆ లిఫ్టు మెకానిక్‌కు తోటివాళ్లు పెట్టిన పేరు ‘రెండోసారి’. ఇంటికి తాళం వేసి సందు చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి ఆ తాళాన్ని లాగి చూసేవాడు. పొయ్యి కట్టేసి, కట్టేశానా అని పక్క గదిలోంచి అడిగేవాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో భార్య ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేసింది. ఆమె కళ్లద్దాల షాపులో చూపు పరీక్షలు చేస్తుంది. రోజంతా ‘ఇప్పుడు బాగుందా, ఇప్పుడు బాగుందా’ అని జనాన్ని అడిగీ అడిగీ, ఇంటికొచ్చేసరికి ప్రశ్న అంటేనే విసుగు పుట్టే ఉద్యోగం.

ఆ పేరంటే మెకానిక్‌కు కోపం లేదు. పైగా, లిఫ్టు పనిలో అనుమానం జబ్బు కాదు, అర్హత అని చెప్పుకునేవాడు. అందులో కొంత నిజం ఉంది. పాతికేళ్లలో అతను చూసుకునే లిఫ్టుల్లో ఎవరికీ గోరు కూడా ఊడలేదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ అర్హతను తనకు తెలియని విషయాల మీద కూడా ధారాళంగా ఖర్చు పెట్టేవాడు. ఫోను అలాంటి విషయం.

ఒక ఆదివారం మోకాళ్ల నొప్పికి ఏ వ్యాయామం మంచిదో ఫోన్లో చదువుతూ ఉంటే, అది చేతిలో గుర్రుమని వణికింది. తెర నిండా ఎరుపు. ‘మీ ఫోన్లో పదమూడు వైరస్‌లు ఉన్నాయి. మూడు నిమిషాల్లో తొలగించకపోతే మీ ఫొటోలన్నీ పోతాయి’ అని రాసి ఉంది. కింద అంకెలు వెనక్కి పరుగెడుతున్నాయి. అతన్ని పడగొట్టింది ఆ పదమూడే. పది అని ఉంటే ఎవరో నోటికొచ్చింది రాశారనుకునేవాడు. పదమూడు అన్నారంటే ఎవరో ఓపిగ్గా కూర్చుని ఒక్కొక్కటే ఎంచి ఉండాలి కదా! ఆ తర్కం గుర్తొస్తే ఇప్పటికీ తన తెలివికి తానే దండం పెట్టుకుంటాడు.

నొక్కమన్న చోట నొక్కాడు. ఎర్ర డాలు బొమ్మ ఉన్న యాప్ ఒకటి దిగడం మొదలైంది. మధ్యలో ఫోనే ఒకసారి అడ్డం చెప్పింది, ఇది తెలియని చోటు నుంచి వస్తోంది, ప్రమాదం కావచ్చు అని. అది వైరస్‌లు మాట్లాడిస్తున్న మాటేనని తేల్చుకుని, ‘అయినా సరే’ అన్న చోట గట్టిగా నొక్కాడు. డాలు లోపలికొచ్చి కాంటాక్టులు చూస్తానంది, సరేనన్నాడు. మెసేజులు చదువుతానంది, సరేనన్నాడు. మీరెక్కడున్నదీ నాకెప్పుడూ తెలియాలంది. రక్షించేవాడికి మనమెక్కడున్నామో తెలియకపోతే ఎలాగని దానికీ తలూపాడు. పిల్లనిచ్చే ముందు కూడా మనుషులు ఇంతకంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు.

ఒక్క కాపలావాడితో ‘రెండోసారి’కి నిద్ర పట్టదు. వాణ్ని చూసేవాడు ఇంకొకడు ఉండొద్దూ? అందుకని గద్ద బొమ్మ ఉన్నదొకటి, కోట బొమ్మ ఉన్నదొకటి దించాడు. తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్‌ను మొరిగి తరిమేస్తుందంటే, కుక్క బొమ్మ ఉన్నదాన్ని కూడా తెచ్చి గుమ్మంలో కట్టేశాడు. నలుగురూ ఒకే ఇంట్లో సర్దుకున్నారా అంటే, లేదు. గద్ద డాలును అనుమానించింది. కోట గద్దను అనుమానించింది. ఫోను కాగి, పొద్దున నిండుగా ఉన్న ఛార్జింగు మధ్యాహ్నానికే అడుగంటేది. ఇదేంటి ఇంత వేడిగా ఉందని భార్య అడిగితే, పని చేస్తోందన్నాడు. ఏం పని అని ఆమె మళ్లీ అడగలేదు.

రోజూ భోజనాల దగ్గర అతను ఆ పూట నివేదిక చదివేవాడు. ఇవాళ నాలుగు వేల ఫైళ్లు చూశాం, మీరు క్షేమం. ఇవాళ మూడు కాల్స్ అడ్డుకున్నాం, మీరు క్షేమం. తనను క్షేమమని రోజూ ఎవరో ఒకరు చెప్పడం అతనికి చాలా నచ్చింది. ఇంట్లో ఆ మాట అనేవాళ్లు లేరు.

అతని వదిన, అంటే భార్యకు అక్క, టైపు నేర్పి రిటైరైన మనిషి. ఆరో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఆ బిల్డింగు లిఫ్టు కూడా అతని చేతి కిందిదే. లిఫ్టు ఆగిపోతే లోపలున్నవాళ్లు ఒక బటన్ నొక్కాలి. అది నేరుగా మెకానిక్ ఫోనుకు కాల్ కలుపుతుంది. అంతకుముందు నెలే ఆ లైను మారి కొత్త నంబరు వచ్చింది. దాన్ని తన ఫోన్లో పేరు పెట్టి దాచుకోవాల్సింది అతనే. రేపు, రేపు అంటూనే ఉన్నాడు.

ఒక మంగళవారం ఉదయం ఆ బిల్డింగులోనే పని. నాలుగో అంతస్తు తలుపు దగ్గర కరెంటు కలిపే రేకుకు, అంటే కాంటాక్టుకు, మురికి పట్టింది, దాన్ని తుడవాలి. ఆ కాంటాక్టు కలవకపోతే తలుపు తెరిచి ఉందనుకుని లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అతను పది గంటలకే వచ్చాడు. సరిగ్గా గేటు ముందుకు వచ్చేసరికి డాలు లేచి, లోతైన పరీక్ష మొదలుపెడుతున్నాను, పూర్తయ్యేదాకా ఫోను ముట్టుకోవద్దంది. ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని, జ్వరం పిల్లాణ్ని పడుకోబెట్టినట్టు ఫోన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకడు పక్కన కూర్చున్నాడు.

కొంతసేపటికి ఫోను టింగుమంది. ‘అనుమానాస్పద కాల్‌ను అడ్డుకున్నాం.’ రెండు నిమిషాలకు మళ్లీ. ఆ తర్వాత మళ్లీ. నాలుగోసారికి అతను ఎలక్ట్రీషియన్‌కు చూపించి, ఎవడో గట్టిగానే పట్టుకున్నాడు, అయినా లోపలికి రానివ్వట్లేదు చూశావా అన్నాడు. ఆ మాటల్లో ఎంత గర్వం ఉందంటే, ఎలక్ట్రీషియన్ ఆ యాప్ పేరేమిటో రాసివ్వమన్నాడు. అతను రాసిచ్చాడు కూడా.

ఆరో టింగు తర్వాత అసలు రింగు మోగింది. భార్య. షాపు వేళల్లో ఆమె ఎప్పుడూ చేయదు.

“ఎక్కడున్నారు?”

“మీ అక్క వాళ్ల బిల్డింగు ఎదురుగానే. ఏం?”

“అక్క లిఫ్టులో ఇరుక్కుని నలభై నిమిషాలైందట. మీకు ఆరుసార్లు చేసిందట. తన ఫోను ఇంట్లోనే మర్చిపోయిందట. ఎవరో అటుగా వెళ్తుంటే తలుపు సందులోంచి నా నంబరు అరిచి చెప్పిందట, వాళ్లు నాకు చేశారు.”

అతను మోకాళ్ల నొప్పి సంగతే మర్చిపోయి, ఒక్క పరుగులో రోడ్డు దాటి ఎనిమిది అంతస్తుల మెట్లూ ఎక్కాడు. పైన లిఫ్టు యంత్రం ఉన్న గదిలో కరెంటు కట్టేసి, బ్రేకు వదిలించి, చేత్తో చక్రం తిప్పుతూ లిఫ్టును నాలుగో అంతస్తుకు సరిపెట్టాడు. పాతికేళ్లుగా చేస్తున్న పనే. ఆ రోజు మాత్రం చెమటకు చక్రం చేతుల్లోంచి రెండుసార్లు జారింది. మళ్లీ నాలుగో అంతస్తుకు దిగి, తలుపు సందులో నోరు పెట్టి, వదినగారూ భయపడకండి, నేనొచ్చేశానన్నాడు.

లోపలి నుంచి నింపాదిగా వినబడింది. “భయపడటం ఎప్పుడో అయిపోయింది. తలుపు తియ్యి.”

తలుపు తెరిచేసరికి ఆమె తన పాత టైపు మిషను పెట్టె మీద వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ మిషను బాగు చేయించడానికి కిందికి తీసుకెళ్తోందట. చెంగుతో ముఖం తుడుచుకుని, గోడ మీద అతని చేత్తో రాసి అంటించిన కాగితం వైపు చూపించింది.

“నీ నంబరు ఎంత గుండ్రంగా రాశావో నలభై నిమిషాలు చూశాను మరిదీ. కింద ‘ఏ వేళలోనైనా’ అని కూడా రాశావు.”

అబద్ధమాడటానికి దారులు లేకపోలేదు. లైను చెడిందనొచ్చు. సిగ్నల్ లేదనొచ్చు. అతను రెండూ ఆలోచించాడు కూడా. కానీ ఆమె టైపు నేర్పిన మనిషి, ఏ అక్షరం ఎక్కడ తప్పిందో వినే పట్టేస్తుంది. “నా ఫోను మిమ్మల్ని దొంగ అనుకుంది వదినగారూ,” అన్నాడు.

“దొంగనైతే మెట్లమీద దిగేదాన్ని,” అని, పెట్టె అతని చేతికిచ్చి ఆమె మెట్లవైపు నడిచింది.

కాంటాక్టు తుడవడానికి అతనికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల పని పొద్దున చేసి ఉంటే ఏ కాలూ రావలసిన అవసరమే ఉండేది కాదు. గోరుతో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఏమిటో ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు అతనికి బాగా అర్థమైంది. బిల్డింగు వాళ్ల దగ్గరికి తానే వెళ్లి, తప్పు లిఫ్టుది కాదు, లైనుది కాదు, నాదే అని చెప్పాడు. మూడు రోజులకు ఆఫీసు నుంచి హెచ్చరిక ఉత్తరం వచ్చింది. పాతికేళ్లలో మొదటిది. దాన్ని రెండుసార్లు చదివాడు, అలవాటు కొద్దీ.

ఆ మంగళవారం సాయంత్రమే అతను ఫోన్లు బాగుచేసే ఆవిడ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ షాపు మెట్ల కింద లిఫ్టు పెట్టె అంత ఉంటుంది. అందరూ డాక్టరమ్మా అని పిలుస్తారు. ఫోను తీసుకుని, దాని వేడికి ఓసారి చెయ్యి మార్చుకుని, చాలాసేపు తెర మీద వేళ్లు కదిపింది.

“దీనికి జబ్బేం లేదండీ. మందులెక్కువయ్యాయి.”

మరి పదమూడు వైరస్‌ల సంగతేమిటని అడిగాడు. ఆ పేజీ తెరిచిన వాళ్లందరికీ పదమూడే అంది ఆవిడ. ఈ వారంలో ఈయన నాలుగోవాడట. తానొక్కడే వెర్రివాడు కానందుకు కొంచెం ఊరట కలిగింది గాని, అది ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ డాలు యాప్ తెరిచి, అది ఏమేం చూస్తోందో ఒక్కొక్కటే చూపించింది. మెసేజులు, కాంటాక్టులు, తిరిగే దారులు. తెర మీద అప్పుడప్పుడూ వచ్చిపడే ప్రకటనలు కూడా దాని పుణ్యమేనట.

“కాపలావాణ్ని పెట్టుకున్నారు, బాగుంది. వాడికి బీరువా తాళాలెందుకిచ్చారు?”

కంచే చేను మేసిందన్న మాట. కంచె వేసిందీ, గేటు తీసిందీ, రా నాయనా మెయ్యమని పిలిచిందీ తానే. ఆవిడ ఇంకో సంగతి కూడా చూపించింది. ఫోను తయారుచేసిన వాళ్లు పంపిన అప్‌డేట్ ఎనిమిది నెలలుగా బయటే నిలబడి ఉంది, లోపలికి రావడానికి చోటు లేక. ఆ చోటంతా కాపలావాళ్లే ఆక్రమించారు. అసలు గొళ్లెం ఊడి ఉంటే దాని ముందు నలుగుర్ని కూర్చోబెట్టినట్టయింది.

అయినా అతను ఒక పట్టాన ఒప్పుకోలేదు. బయటి నుంచి రక్షణ లేకపోతే ఎలాగని వాదించాడు. అప్పుడావిడ, మీరేం పని చేస్తారండీ అని అడిగింది. చెప్పాడు. లిఫ్టు తాడు తెగితే పెట్టె కింద పడిపోతుందా అని అడిగింది.

ఈ ప్రశ్న అతనికి ప్రాణం. పడదమ్మా అని మొదలుపెట్టాడు. తాళ్లు ఒకటి కాదు, నాలుగైదుంటాయి, అన్నీ తెగినా వేగం పెరగ్గానే అడుగున ఉన్న బ్రేకు పట్టాలను పట్టేస్తుంది, అది పుట్టుకతోనే వస్తుంది, దాన్ని సమయానికి చూసుకుంటే చాలు, జనం మాత్రం భయంతో తలుపుకు కర్రలడ్డం పెట్టి ఉన్నది చెడగొడతారు... అంటూ సగం దాకా వచ్చి ఆగిపోయాడు. ఆవిడ నవ్వలేదు. స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ అతను పూర్తి చేస్తాడేమోనని మర్యాదగా ఎదురుచూసింది.

ఫోన్లోనూ అంతేనని తర్వాత విడమరిచి చెప్పింది. ఒక యాప్ ఇంకోదాని గదిలోకి దూరకుండా గోడలు ముందే కట్టి ఉంటాయి. ఫోన్లోనే ఉండే యాప్ స్టోరులో దొరికేవాటిని ఫోను తనంతట తానే తనిఖీ చేస్తుంది. అప్‌డేట్లు వేసుకోవాలి, దారిన పోయే లింకుల నుంచి యాపులు దించకూడదు, అడిగిన అనుమతులన్నీ ఇవ్వకూడదు. మామూలు మనిషికి చాలావరకు అది చాలు. అయితే అసలు ఏదీ వద్దంటారా అని అడిగాడు.

“అలా అననండీ. పేరున్న వాళ్లవి కొన్ని చెడ్డ లింకుల్ని ముందే పట్టుకుంటాయి. కనిపించినవన్నీ దించేవాళ్లకీ, ఆఫీసు రహస్యాలు ఫోన్లో మోసేవాళ్లకీ పనికొస్తాయి. కావాలంటే ఒకటి పెట్టుకోండి. కానీ ఎర్ర పేజీ చూసి నొక్కే వేలుందే, దానికి మాత్రం యాప్ రాలేదింకా.”

నలుగురు కాపలావాళ్లనూ ఆవిడ చేతనే సాగనంపించి, ఫోన్లో ఉన్న పాస్‌వర్డులన్నీ మార్చుకుని, అప్‌డేట్ వేయించుకుని ఇంటికొచ్చాడు. లిఫ్టుల లైన్ల నంబర్లన్నీ పేర్లతో సహా ఎక్కించుకున్నాడు. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి, ఆ చీటీ చించెయ్యమన్నాడు. అతను అప్పటికే వాళ్ల మావగారి ఫోన్లో కూడా దించేశాడట. మర్నాడు పొద్దున్నే మావగారి ఫోన్నూ, ఎలక్ట్రీషియన్ ఫోన్నూ వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.

ఫోను చల్లబడింది. ఛార్జింగు రాత్రి దాకా ఉంటోంది. కొన్నాళ్లపాటు భోజనాల దగ్గర మాత్రం వెలితిగా ఉండేది, తను క్షేమమో కాదో చెప్పేవాళ్లు లేక. వదిన నెలరోజులు మెట్లెక్కి, మోకాళ్లు మొరాయిస్తే మళ్లీ లిఫ్టెక్కింది. ఎక్కిన ప్రతిసారీ కొన్నాళ్లు అతనికి ఫోన్ చేసి, ఎత్తగానే ‘ఊరికే చూశాను’ అని పెట్టేసేది. అతను ఎంత పనిలో ఉన్నా ఎత్తేవాడు.

మొన్నీమధ్య అతనికొక మెసేజ్ వచ్చింది. మీ పార్సిల్ ఆగిపోయింది, ఈ లింకు నొక్కి చిరునామా సరిచేయండని. బొటనవేలు దాదాపు లింకు మీద వాలింది. తను పార్సిలేదీ తెప్పించుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వేలు వెనక్కి తీసుకుని, మెసేజ్‌ను తీసేసి, కాసేపు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ఇంత గొప్ప పని చేసి ఎవరికీ చెప్పకుండా ఉండటం అతని వల్ల కాలేదు. వంటింట్లోకి వెళ్లి భార్యకు మొదటి నుంచి చివరిదాకా వివరంగా చెప్పాడు, వేలు ఎంత దూరంలో ఆగిందో కొలిచి చూపిస్తూ.

ఆమె అంతా విని, “అవి నాకూ పొద్దున్నుంచి మూడొచ్చాయి, తీసేశాను,” అంది. ఆ తర్వాత అతని ముఖం చూసి జాలేసిందేమో, “అయినా మీరు ఆగారు కదా, మంచిదే,” అని అన్నం గిన్నె మూత తీసింది.