బుడ్డచెట్టు వేళ్ల మీద బుడిపెలు

నా చిన్నప్పుడు, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఎమ్మిగనూరు దగ్గర మా ఊళ్లో నాయన జ్వరంతో మంచం పట్టాడు. మాకున్న ఎర్రచేనంతా వేరుశనగే. మా వైపు బుడ్డలంటాం. అవి ఆదోనికి తోలి జొన్నలు తెచ్చుకుంటేనే మాకు ఏడాది తిండి. అమ్మ నాయనను వదిలి రాలేదు కాబట్టి కలుపు తీసే పని మా అవ్వకూ నాకూ పడింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

అంతకు ముందు ఆదివారం మా ఊరి క్రైస్తవ సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి, బైబిల్లోని చేదువేరు గురించి చెప్పాడు. అది ఒక్కటి మొలిచినా అందరినీ చెరుపుతుందని, కనబడగానే పెరికేయాలని. ఆయన మనుషుల మనసుల గురించి చెప్పాడు. నేను చెట్ల గురించి అనుకున్నాను.

చేనిలో కలుపుతోపాటు ఒక బుడ్డచెట్టు ఊడి వచ్చింది. దాని వేళ్ల నిండా పేలగుడ్లలా బుడిపెలు! నిరుడు మా పెరట్లో వంగచెట్లన్నీ ఎండిపోయినప్పుడు వాటి వేళ్లూ ఇలాగే ఉబ్బి ఉన్నాయి. ఒక వేరు కొరికి చూశాను. చేదుగానే తోచింది. భయంతో నా నోరు అప్పటికే చేదెక్కి ఉందని ఇప్పుడు తెలుసు. పక్క చెట్టు పెరికాను, దానికీ ఉన్నాయి. ఆ పక్కదానికీ ఉన్నాయి. ప్రభువా, ఒక్కటన్నా మంచిది చూపించమని ఏడుస్తూ, ప్రార్థిస్తూ పెరుకుతూనే పోయాను. చేనికి ఆ కొసనున్న అవ్వ చూసి పరుగెత్తుకొచ్చేసరికి రెండు సాళ్లు నేలమీద పడి ఉన్నాయి.

"ఓ యమ్మ! ఏం పని చేస్తివి మే? యా దయ్యం పట్టె నీకు?"

"రోగమవ్వా! చేదువేరు! పెరికేయాలంట గదా!"

అవ్వ కొడుతుందనుకున్నాను. ఆమె అక్కడే కూలబడి, ఒక చెట్టు అందుకుని, వేరు మీది బుడిపెను గోటితో గిల్లింది. పూసలా రాలింది. "వంగచెట్టుకైతే వేరు తానే ఉబ్బింటాది, గిల్లితే రాదు. ఇది సూడు." నొక్కితే లోపల ఎర్రగా ఉంది. "ఇది సావు గాదు మే, బతుకు. ఈ బుడిపెలున్న సేన్లో మరుసటేడు జొన్న వేస్తే ఎరువు తోలకున్నా ఏపుగా, నల్లగా లేస్తాది."

తర్వాత నన్ను గట్టు వెంబడి అడ్డుగా వేసిన ఒక్క సాలు జొన్న దగ్గరికి లాక్కుపోయింది. కింది కణుపుల నుంచి వేళ్లు బయటికొచ్చి నేలలో దిగి ఉన్నాయి. "దీనికీ రోగమేనా? పెరుకుదామా? గాలికి పడకుండా కాళ్లు సాపుకొని నిలబడిందమ్మా పాపం!" అని ఎగతాళి చేసింది. ఆ సాలులోనే ఉన్న కందిచెట్టు చూపించి దాన్ని పెరకమంది. రెండు చేతులతో లాగినా కదల్లేదు. నీళ్ల కోసం దాని వేరు ఎంతో లోతుకు పోతుందట. "ఒక్కో వేరుకు ఒక్కో పని ఉంటాది. అదేందో తెలుసుకోకుండా సెయ్యి పెడితివే!"

నాయనకు చెప్పడమే మిగిలింది. నా బదులు తాను చెప్పనంది అవ్వ. పెరికిన చెట్టొకటి చేతబట్టుకుని ఇంటికి పోయి చెప్పాను. నాయన కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

"మిగిలింది పచ్చగుందా?"

"ఉంది నాయనా. రెండు సాళ్లే."

కాలిపోతున్న చెయ్యి నా నెత్తిన పెట్టి ప్రార్థన చేశాడు. పంట కోసం చేస్తాడనుకున్నాను. నా భయం తీసేయమని దేవుణ్ణి అడిగాడు.

కొన్నాళ్లకు నాయన జ్వరం తగ్గి లేచాడు. మిగిలిన పంట ఇల్లు చేరింది, ఆ ఏడు పస్తులు లేకుండా గడిచింది. నేను పెరికిన రెండు సాళ్లను మాత్రం ఎవరూ తిరిగి నాటలేకపోయారు.

ఇప్పుడు మా సంఘంలో నేనూ ఒక పెద్దను. ఎవరినైనా వెలివేయాలన్న మాట లేచినప్పుడల్లా నేను పెరికిన ఆ రెండు సాళ్లు గుర్తొస్తాయి. ఆ రోజుకు తీర్పు వద్దంటాను. ముందు ఆ ఇంటికి పోయి, వాళ్లు పెట్టింది తిని, వాళ్ల కష్టమేమిటో విని వస్తాను. ఆ తర్వాతే సంఘంలో నోరు తెరుస్తాను.