పహిల్వాన్ బాలింత

మా రామన్నపేటలో మనిషి పరువు పోవాలంటే ఎన్నికల్లో ఓడిపోవాలి, లేదా పెళ్లి దావత్‌లో మటన్ తక్కువ కావాలి. నాది ఒక పిల్లి తోక కింద పోయింది. ఈనాటికీ నేను నేతకార్ల కాలనీలో నడుస్తుంటే మగ్గాల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఆ ఒక్క క్షణంలో వాళ్లు నవ్వుకుంటారు. ఎందుకో చెబుతాను. చదివాక మీరూ నవ్వండి గానీ, దయచేసి నా మీసాల వంక మాత్రం చూడకండి.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. బీమా ఏజెంటుని. అంటే, బతికున్న మనిషి ఎదుట కూర్చుని, ఆయన పోయాక ఇంట్లోవాళ్లు ఎంత హాయిగా ఉంటారో ఆయనకే వర్ణించి చెప్పే ఉద్యోగం. పదేళ్లు ఆ పని చేసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. విషయం ఎంత తెలియకపోతే గొంతు అంత గంభీరంగా పలుకుతుంది.

మా కాలనీ వెనుక ఖాళీ జాగాలో ఇరవై ఇళ్లవాళ్లం కలిసి తోట వేసుకున్నాం. ఇంటికొక మడి. గోంగూర, చిక్కుడు, బీర, ఎవరి రుచి వాళ్లది. ఇక మాది నేతకార్ల కాలనీ. మగ్గం దారానికి గంజి పెడతారు. గంజి కోసం ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పిల్లులొస్తాయి. వచ్చిన పిల్లులకు తోటలో మెత్తటి మట్టి కనబడింది. మెత్తటి మట్టిని చూస్తే మనకు విత్తనం గుర్తొస్తుంది, పిల్లికి మరొకటి గుర్తొస్తుంది. ఆ మరొకటి ముప్పావు వంతు యాదగిరి కొత్తిమీర మడిలోనే జరిగేది.

"నా కొత్తిమీర మా ఇంట్ల ఆడోళ్లే ముడుతలేరు," అని యాదగిరి తోట మీటింగులో లేచాడు. "ఇగ నాతోని కాదు. గోనెసంచి తెస్త. అన్నిటిని అండ్ల ఏసి చెరువుకట్ట అవుతల ఇడిచొస్త."

వీధి మూల ఇంట్లో జాకెట్లు కుట్టే చాంద్‌బీ ఆ పిల్లులకు రోజూ ఇంత అన్నం పెట్టేది. ఆమె కుర్చీలోంచి సగం లేచింది. "నోరు లేనియి గవి! గవి లేకుంటే మీ దారమంత ఎలుకల పాలైతుండె. నేను బువ్వ పెడుతున్న, నీకేం తక్లీఫ్?"

"బువ్వ నువ్వే పెడుతున్నవక్కా. తర్వాతి సంగతి నా మడిల జేస్తున్నయ్."

అప్పుడు లేచాను నేను. గొంతు సవరించుకున్నాను. పట్నంలో జంతుప్రేమికులు బోన్లు అరువిస్తారని, మన పశువుల దవాఖాన డాక్టరమ్మ ఆపరేషన్లు చేస్తానన్నదని, సంతతి పెరగకపోతే గొడవ దానంతటదే తగ్గుతుందని, అరగంట ప్రసంగించాను. బాధ్యత మొత్తం నాదేనన్నాను. అడగకముందే.

"నెల రోజులు జూస్త," అన్నాడు యాదగిరి. "వెంకటేశన్నతోని కాకపోతే నా సంచి నాకుంది."

నెల తిరిగేలోపు నాలుగు పిల్లులను పట్టాం. 'పట్టాం' అన్నది నా వినయం. పట్టింది చాంద్‌బీ, మోసింది యాదగిరి, కోసింది డాక్టరమ్మ. ఫోటోలు దిగింది నేను. గొర్రెలకు చెవిగుర్తు పెట్టినట్టు, ఆపరేషన్ అయిన పిల్లికి ఎడమ చెవి కొస కాస్త కత్తిరించి వదులుతారు. మిగిలింది ఒక్కటే, పహిల్వాన్.

పహిల్వాన్ అని పేరు పెట్టింది కూడా నేనే. నలుపు, తెలుపు, ఇటుక రంగు కలిసిన పిల్లి. నేను చెబితే నమ్మరు గానీ, లేగదూడంత ఉండేది. కుస్తీ గెలిచి మైదానం దాటుతున్నవాడిలా నడిచేది. కడుపు కింద అటూ ఇటూ ఊగుతుంటే చాంద్‌బీ బువ్వ మహిమ అనుకున్నాను. (ఆ ఊగేదేమిటో మీకు ఇప్పటికే అర్థమైతే మీరు నాకంటే తెలివైనవారు. ఆ వరుసలో ముందే చాలామంది ఉన్నారు, వెనక నిలబడండి.)

ఆ రోజు సాయంత్రం నేను ఎండుచేపలు పట్టుకుని బయల్దేరుతుంటే, నా భార్య పద్మ గుమ్మంలో ఆపింది.

"వెనక అర్రల నీ సందూకల ఏందో చప్పుడైతాంది. సన్నగ ఏడుస్తున్నట్టున్నది. మూడు దినాల సంది చెప్తున్న, జర చూడరాదు?"

వెనక గదిలోని ఆ ఇనప పెట్టె, ఆ సందూకే నా ఆఫీసు. బీమా కాగితాలన్నీ అందులోనే. కాగితాలు పొంగి మూత పడేది కాదు. ఎవరూ ముట్టకూడదని ఇంట్లో చట్టం చేసి ఉన్నాను.

"ఎలుక అయ్యుంటది," అన్నాను.

"తీసి చూడనా?"

"ముట్టకు! కాగితాలు కలిసిపోతయ్."

పిల్లి ఎదురొస్తే మనకు అపశకునం అంటారు. ఆ సాయంత్రం ఆ పిల్లికి నేను ఎదురొచ్చాను. చిక్కుడు పందిరి కింద బోను పెట్టి, ఎండుచేప వేసి, అటు తిరిగి ఇటు తిరిగేలోపు టప్పున తలుపు పడింది. పక్క మడిలో గోంగూర తెంపుతున్న నర్సవ్వ ఒళ్లు విరుచుకుంటూ వచ్చి బోనులోకి తొంగి చూసింది. డెబ్బై దాటినా గుంతమగ్గం మీద రోజుకు మూడు మూరలు నేసే మనిషి.

"వెంకటేశా, గిది పోతు గాదురా. బాలింత. పాలిస్తాంది. ఇడిశిపెట్టు."

"నీకు సరిగ అగుపడతలేదవ్వా. మీసాలు చూడు, ఎంతెంత ఉన్నయో!"

నర్సవ్వ పిల్లి మీసాలు చూసింది. తర్వాత నా మీసాలు చూసింది. "మీసాలుంటె మొగోడైతడా కొడుకా?" అంది. "ఏడుగురిని కన్నదాన్ని. బాలింత నడక నాకు ఎరుక లేదా?"

"గివన్ని శాస్త్రీయంగ చూడాలె అవ్వా," అన్నాను, తోక ఎత్తి చూసే ధైర్యం లేని శాస్త్రవేత్తను. కాలనీ గ్రూపులో ఫోటో కూడా పెట్టాను: 'ఎట్టకేలకు పహిల్వాన్ చిక్కాడు. రేపు ఆపరేషన్.' బోనును తోటలోని రేకుల షెడ్డులో ఉంచి ఇంటికి పోయాను. రాత్రంతా అరిచిందని పొద్దున నర్సవ్వ చెప్పింది. "ఓడిన పహిల్వాన్లు గట్లనే అరుస్తరు" అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు నా చెయ్యి రావడం లేదు, కానీ అన్నాను.

పొద్దున దవాఖానలో డాక్టరమ్మ మత్తు ఇస్తున్నప్పుడు జేబులో ఫోను మోగింది. పద్మ. కట్ చేశాను. మళ్లీ పద్మ, మళ్లీ కట్. బయట ఎద్దును తెచ్చిన రైతుకు నేను పిల్లుల సంక్షేమం బోధిస్తున్నాను మరి. పదకొండు సార్లు మోగింది, పదకొండు సార్లు కోశాను. ఆ రోజు దవాఖానలో నిజంగా కోత జరిగింది పద్మ ఫోనుకే.

"సార్, ఒకసారి ఇటు రండి," అని డాక్టరమ్మ పిలిచింది. "మగపిల్లి అని రాయించారు?"

"పక్కా, మేడమ్."

"మూడు రంగులున్న పిల్లి మీకు మగది ఎక్కడ దొరికింది సార్? మూడు రంగులుంటే దాదాపు ఎప్పుడూ ఆడదే."

ఆమె నవ్వుతూనే పిల్లిని వెల్లకిలా తిప్పింది. కడుపు మీద వెంట్రుకలు పక్కకు తీసి వేలితో మెల్లగా నొక్కింది. తెల్లటి చుక్క ఒకటి పైకి వచ్చింది. డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఎప్పుడు పట్టారు దీన్ని?"

"నిన్న సాయంత్రం."

"అంటే పిల్లలు నిన్నటి నుంచి పాలు లేకుండా ఉన్నాయి. మత్తు ఇచ్చేశాను, సాయంత్రం దాకా దీన్ని వదలలేను. ఇప్పుడైతే కోయను. మీరు ఇక్కడ నిలబడకండి సార్, పోయి పిల్లలను వెతకండి. మరీ చిన్నవైతే ఎక్కువసేపు ఆగలేవు."

పాఠకులారా, పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని పెద్దలు అన్నారు. ఏజెంటు చెలగాటం మధ్యలో దూరితే ఏమవుతుందో వాళ్లు ఊహించలేదు పాపం.

బండి మీద పడి నర్సవ్వ ఇంటికొచ్చాను. ఆమె మగ్గం మీద ఉంది. విషయం చెప్పాను. 'చెప్పిన గద' అంటుందని తల దించుకుని నిలబడ్డాను. అనలేదు. అంటే బాగుండేది. మగ్గం ఆపి, గుంతలోంచి లేచి, ఆ గుంతంతా తడిమి చూసింది.

"ఈడ లెవ్వు. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు తిప్పుతది కొడుకా. ఇగ నువ్వు గూడ తిరుగు, ఏడిండ్లు."

తిరిగాను. తిరగడం సులువే, తలుపు తెరిపించడమే కష్టం. బీమా ఏజెంటు తలుపు కొడితే మా కాలనీలో దీపాలు కూడా ఆర్పేస్తారు. రెండో ఇంట్లో తట్టీ తట్టకముందే లోపలి నుంచి కేక వచ్చింది.

"మాకొద్దు! మొన్ననే ఒకటి చేసినం!"

"పాలసీ కాదు వదినా, పిల్లి పిల్లల కోసం వచ్చిన!"

తలుపు కాస్త తెరుచుకుంది. "పిల్లులకు గూడ చేస్తున్నవా ఇప్పుడు?"

అక్కడ మొదలుపెట్టి ఇంటింటికీ నా కథ నేనే చెప్పుకోవాలి. మగదన్నాను, ఆడదైంది, పాలిస్తోంది, పిల్లలు ఆకలితో ఉన్నాయి, మీ మంచం కింద చూడొచ్చా? మూడో ఇంట్లో నవ్వారు. నాలుగో ఇంట్లో నవ్వడానికి పక్కింటివాళ్లను కూడా పిలిచారు. ఐదోది యాదగిరి ఇల్లు. అక్కడ గుమ్మం బయటే నిలబడి విషయం చెప్పాను. ఇతని సంచి నుంచే కదా నేను పిల్లులను కాపాడతానన్నది!

యాదగిరి టార్చి తీసుకుని మంచం కింద దూరాడు. ధాన్యం బస్తాలు జరిపాడు, అటక ఎక్కాడు. ఆఖరికి తన గోనెసంచిని కూడా విప్పి చూశాడు. తల నిండా బూజుతో నా ముందు నిలబడ్డాడు.

"నేను ఇడిచొస్త అన్న గని, పాలు తాగే పిల్లలను తల్లి నుంచి ఎడబాపుత అన్ననా అన్నా?"

ఇద్దరం కలిసి ఆరో ఇల్లు చాంద్‌బీ దగ్గరికి పోయాం. తాళం వేసి ఉంది. కిటికీకి చెవి ఆనించి విన్నాం. లోపల ఏ చప్పుడూ లేదు. అప్పటికి మా వెనుక పెళ్లి ఊరేగింపంత జనం చేరారు. యాదగిరి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"ఆరైనయ్. ఏడోది?"

జనమంతా ఒక్కసారి తలలు తిప్పారు. ఎటు తిప్పారో మీకు చెప్పనక్కరలేదు.

మా వెనక అర్రలో పద్మ నేల మీద కూర్చుని ఉంది. పక్కన చాంద్‌బీ, చేతిలో తన మేక పాల గిన్నె, వేళ్ల మధ్య పత్తి వత్తి. ఎదురుగా నా సందూక మూత బార్లా తెరిచి ఉంది. అందులో కాగితాల మీద మూడు పిల్లలు. కళ్లు అప్పుడప్పుడే తెరిచినవి. రెండు వత్తిని చప్పరిస్తున్నాయి. మూడోది సందూక అంచున ఉన్న పద్మ చేతి వైపు పాకుతోంది, నీరసంగా, కానీ పాకుతోంది.

"పదకొండు సార్లు ఫోన్ జేసిన," అంది పద్మ, తల ఎత్తకుండా. "సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడిండట ఎనకట ఒకడు. నువ్వు సందూకల పెట్టుకొని దేవులాడినవ్. ఆనికన్న పెద్దోనివైనవ్."

కిటికీ దగ్గర మా వెనుక వచ్చిన ఊరేగింపు మొత్తం ఆ మాట విన్నది. కానీ నన్ను పడగొట్టింది ఆ మాట కాదు. పిల్లల కింద పరుపులా పరిచి ఉన్న నా కరపత్రాలు. బోసినవ్వు పాపాయి బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలు: 'మీ పిల్లల భవిష్యత్తుకు మాది పూచీ.' ఒక పిల్ల అప్పటికే దాని మీద తడి సంతకం కూడా చేసింది.

ఆలోచించండి. ఆ తల్లి ఏడిళ్లూ తిరిగి చూసింది. చాంద్‌బీ బువ్వ పెట్టే ఇల్లు కాదని, నర్సవ్వ చల్లటి మగ్గం గుంత కాదని, నా ఇంటికొచ్చింది. నా పదేళ్ల సర్వీసులో సంతకం అడగకుండా, షరతులు చదవకుండా, నన్ను నమ్మి పిల్లలను నాకప్పగించిన పార్టీ అదొక్కటే. ఆ పార్టీకి నేను ఎండుచేప చూపించి బోనులో వేశాను.

సాయంత్రం మత్తు దిగాక పహిల్వాన్‌ను ఇంటికి తెచ్చాను. బోను తెరిచాను. అది నన్ను చూసి ఒక్కసారి బుస్సుమని, సందూకలోకి దూకి పిల్లల పక్కన ఒరిగింది.

"నువ్వు బయటికి నడువు భాయ్," అంది చాంద్‌బీ. "నీ మొహం జూస్తే దానికి పాలు పడయి."

రెండు నెలలు ఆ సందూక వాటిదే. నా ఆఫీసు వరండాలోకి మారింది. పిల్లలు అన్నం తినడం మొదలుపెట్టాక పహిల్వాన్‌కు ఆపరేషన్ జరిగింది. ఈసారి చాంద్‌బీ, నర్సవ్వ ముందు నడిచారు, నేను నోరు మూసుకుని బోను మోశాను. యాదగిరి గోనెసంచిని మడతపెట్టి, ఒక పిల్లను తీసుకుపోయి దాని మీదే పడుకోబెట్టుకున్నాడు. దాని తర్వాతి సంగతి ఈనాటికీ కొత్తిమీర మడిలోనే జరుగుతుంది. ఇప్పుడు అతనేమీ అనడు.

కాలనీ మాత్రం నన్ను వదల్లేదు. 'పహిల్వాన్ బాలింత పాణం ఎట్లున్నదన్నా?' అన్న పలకరింపు బస్టాండు దాకా పాకింది. మొన్న ఒక కొత్త ఇంటికి పాలసీ చెప్పడానికి పోయాను. ఎవరు చెప్పారో ఏమో, ఆ ఇంటావిడ నా మాటంతా ఓపిగ్గా విని, లోపలికి పోయి ఒక మేకపిల్లను తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"ముందుగాల ఇది ఆడిదో మొగదో చెప్పుండ్రి. తర్వాత పాలసీ సంగతి మాట్లాడుకుందం."

అందుచేత, అదే సందూక మీద కుడిచెయ్యి పెట్టి, పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ ప్రాణి మీసాలనూ నమ్మను, నా మీసాలతో సహా. ఏడుగురిని కన్న తల్లి మాట్లాడుతుంటే శాస్త్రం పేరెత్తను. భార్య ఫోను మొదటి మోతకే ఎత్తుతాను. ఊరిని ఉద్ధరించడానికి బయల్దేరే ముందు ఇంట్లో మూతలన్నీ తెరిచి చూస్తాను. ఇది తప్పితే నన్ను ఆ గోనెసంచిలో వేసి చెరువుకట్ట అవతల...

ఒక్క నిమిషం. పద్మ పిలుస్తోంది. వెనక అర్రలో ఏదో చప్పుడవుతోందట.

ఎలుక అయ్యుం... లేదు లేదు. లేస్తున్నాను.