కర్రీ పాయింట్ గోడ, మా నెట్టు

ఉద్యోగంలో ఉన్నంతకాలం నా పని వైర్‌లెస్ సెట్లను నడిపించడం. ప్రతి సెట్టుకూ ఒక లాగ్ పుస్తకం ఉండేది. అందులో మూడు గడులు: వేళ, లోపం, చేసిన పని. రిటైరయ్యాక సెట్లు పోయాయి, గడులు మిగిలాయి. మిక్సీ కాలిపోయినా, మోకాలు పట్టేసినా నా డైరీలో ఆ మూడు గడుల్లోనే రాస్తాను.

మా ఇల్లు అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లి వైపు తిరిగే గల్లీలో. రోడ్డు మీది ముందు గది కర్రీ పాయింట్ నడిపే ఆమెకు కిరాయికి ఇచ్చాను. మధ్య హాల్లో నేను ఉంటాను. వెనక గదిలో ఒక అమ్మాయి గ్రూప్స్‌కు చదువుకుంటోంది. మహబూబ్‌నగర్ జిల్లా పిల్ల. తల్లిదండ్రులు అడిక్‌మెట్ బస్తీలో ఉంటూ ఇళ్ల కట్టుబడి పనికి పోతారు. అక్కడ ఒకే గదిలో ఐదుగురు. చదువు సాగక ఆమె నా ఇంట్లో చేరింది.

ఒకచోట ఏడాది పాటు ఉచితంగా కోచింగ్, ఉండటానికి చోటు ఇస్తున్నారు. దానికి ఆన్‌లైన్ పరీక్ష, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా. మధ్యలో మూడుసార్లు నెట్టు తెగితే పరీక్ష దానంతటదే మూసుకుపోతుంది.

పది రోజుల ముందు ఆమె లాప్‌టాప్ పట్టుకుని హాల్లోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “రెండు మాక్ టెస్టులు రాసిన సార్. రెండూ నడిమిట్లనే బంద్ అయినయ్. ఈ సీటు రాకుంటే ఇగ చదువు చాలంటుండు మా నాయన. ఆయనతోని పనికే పోవాలె.”

ఫోన్ నెట్టు పెట్టుకొమ్మన్నాను. వెనక గదిలో ఒక గీత వస్తే గొప్ప అంది. నెట్టు కంపెనీ మనిషి వచ్చి “కేబుల్ మంచిగనే ఉంది సార్” అని చెప్పి బండెక్కాడు.

నేను కొత్త పేజీ తీసి మూడు గడులు గీశాను. ఆ రోజు నుంచి నెట్టు పోయినప్పుడల్లా “సార్, పోయింది!” అని ఆమె లోపలి నుంచి అరిచేది, నేను గడియారం చూసి రాసేవాణ్ని. వారం తిరిగేసరికి పేజీ మాట్లాడింది. పొద్దునా రాత్రీ ఒక్క గీటు లేదు. అన్నీ పన్నెండున్నరకు, రెండున్నరకు మధ్యనే. ప్రతిసారీ రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, మళ్లీ మామూలు. మంగళవారం మాత్రం ఒక్కటీ లేదు.

మంగళవారం కర్రీ పాయింట్‌కు సెలవు.

హాల్లో గోడకు ఇవతల మా నెట్టు డబ్బా, అదే వైఫై రూటర్. అవతల ఏముందో చూద్దామని ముందుకు వెళ్లాను. సరిగ్గా ఆ చోటే, కూరలు వేడిచేసే మైక్రోవేవ్ ఓవెన్. కర్రీ పాయింట్ ఆమెకు సంగతి చెప్పాను. ఆమె గరిటె పట్టుకునే నడుం మీద చేయి వేసింది.

“ఏంది పెద్దసారు, నేను పప్పు ఎచ్చవెడితే మీ నెట్టు పోతదా? రేపు చారు కాస్తే కరెంటు పోతదంటరా?”

“జర ఒక గ్లాసు నీళ్లు పెట్టి చూడమ్మా.”

పెట్టింది. లోపలి నుంచి కేక: “పోయింది సార్!” ఓవెన్ టింగుమంది. “వచ్చింది!” మూడుసార్లు చేశాం. మూడోసారికి పార్సిల్ కోసం నిలబడ్డవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

“అమ్మో, నా ఓవెన్‌కు గింత తాఖతుందా!” అని మురిసిపోయి, వెంటనే భయపడింది. “మరి నాకేం కాదు కదా సార్?”

ఏం కాదన్నాను. కూరను వేడెక్కించేవీ, మా డబ్బా నుంచి లాప్‌టాప్‌కు పోయేవీ ఒకే రకం తరంగాలు. కంపించే వేగం కూడా ఇంచుమించు ఒకటే. ఓవెన్ తలుపు సందులోంచి వచ్చే కాస్త మనిషికి లెక్కలోది కాదు, కానీ పక్కనే ఉన్న డబ్బా గొంతు నొక్కడానికి చాలు. పొద్దున నేను వినే రేడియో, టీవీ రిమోట్, మేడ మీద వడియాలు ఎండబెట్టే ఎండ, మొన్న నారాయణగూడలో నా మోకాలికి తీసిన ఎక్స్‌రే, అన్నీ ఆ కుటుంబమే. వేగాల్లోనే తేడా.

“ఆదివారమే గిరాకీ ఎక్కువ సార్. అయినా పిల్ల కోసం ఒక్క గంట బంద్ వెడ్త” అంది ఆమె.

వద్దు, సాయంత్రం దాకా ఆగమన్నాను. మా డబ్బా రెండు కంపన వేగాల్లో మాట్లాడగలదు. రెండోది ఓవెన్‌కు అందనంత పైన ఉంటుంది. ఒక్కో వేగానికి ఒక్కో పేరు కనబడాలి. మరి రెండోది ఎందుకు కనిపించడం లేదు? డబ్బా బిగించిన నాటి డైరీ తీశాను. నా చేతిరాతే: “నెట్టుకు రెండు పేర్లు చూపిస్తోంది. ఒకటి చాలు. రెండోది ఆపేశాను.” ఇంట్లో ఏ వస్తువూ రెండు ఉంచని నా శుభ్రత ఆ పిల్ల మెడకు చుట్టుకుంది. లోపం గడిలో “నేను” అని రాశాను.

రెండో పేరు తెరిచాను. అది గోడలు దాటడంలో బలహీనం కాబట్టి, పొడుగు కేబుల్ కొనుక్కొచ్చి డబ్బాను పిల్ల గది గుమ్మం మీదికి మార్చాను. స్టూలు ఆమె పట్టుకుంది, “సార్, పైలం” అంటూ.

ఆదివారం ఒంటిగంటకు ఆమె తలుపు వేసుకుంది. నేను పెన్ను తీసి కూర్చున్నాను. గోడ అవతల ఓవెన్ టింగు, టింగుమంటూనే ఉంది. కర్రీ పాయింట్ ఆమె మధ్యలో తొంగిచూసి “ఉందా?” అని సైగ చేసేది. రెండింటికి తలుపు తెరుచుకుంది.

“ఒక్కసారి గూడ తెగలే సార్!”

పది రోజులకు ఫలితం వచ్చింది. సీటు ఆమెదే. ముందు నాన్నకు ఫోన్ చేసింది. అవతల కాంక్రీటు మిషన్ మోతలో ఆయనకు వినబడక మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి గల్లీ అంతా విన్నది. కర్రీ పాయింట్ ఆమె గుత్తొంకాయ డబ్బా తెచ్చి “నా ఓవెన్ నడువంగనే గెల్చింది, గా ముచ్చట గూడ రాసుకోండ్రి” అంది.

రాయబోతే ఏ గడిలో పెట్టాలో తెలియలేదు. అది లోపం కాదు, నేను చేసిన పనీ కాదు. మూడు గడుల మీదుగా, గీతలు దాటించి, పెద్ద అక్షరాలతో రాశాను: పిల్లకు సీటు వచ్చింది.