చల్లటి ఇంజన్‌కు తిప్పిన మర

నిన్న సోమవారం పొద్దున ఆరు ఇరవైకి, ఎదురింటాయన చలికి మొరాయించిన బండిని కిక్కు మీద కిక్కు కొట్టి, అంటుకోగానే ఒక్కసారిగా రేసు ఇచ్చాడు. పచ్చి పెట్రోలు వాసన మా వంటింటిదాకా వచ్చింది. పాలు దించి మా మామను, మా ఆయన తండ్రిని, తలచుకున్నాను.

నా బండి కథ 2006 జనవరి రెండో సోమవారం, ఏడుంబావుకు మొదలైంది. మా ఆయన పోయి ఏడాది తిరగకముందే, ఆయన చేసిన అటెండరు ఉద్యోగం నాకిచ్చారు. ఇల్లు గద్వాలలో, బడి ధరూర్ అవతల. షేర్ ఆటో నిండేదాకా కదలదు కాబట్టి ఆయన బండే నేర్చుకున్నాను. ఆ పొద్దున అది అంటుకుని ఆగుతూ, మళ్లీ అంటుకుని ఆగుతూ సతాయించింది. బడికి ఆలస్యం కావడం అది మూడోసారి. "ఇంకోసారైతే పైకి రాస్తా" అన్నాడు హెడ్‌మాస్టరు. నా జీతమే నాకూ మామకూ తిండి.

మామ నలభై ఏళ్లు లారీ నడిపినవాడు. చూపు మందగించి అరుగు మీదే కూర్చునేవాడు. ఆయనను ప్రశ్నలు అడిగే అలవాటు నాకు లేదు. మర్నాడు ఆయన లేవకముందే, మా ఆయన తిప్పగా చూసిన మరను, రేసు ఇవ్వకున్నా ఇంజన్ ఎంత వేగంగా తిరగాలో పట్టి ఉంచే కార్బురేటర్ పక్కనున్న చిన్న స్క్రూను, చల్లటి ఇంజన్ ఆగకుండా నిలిచేదాకా బిగించాను. ఊరు దాటేసరికి ఇంజన్ వేడెక్కింది. దారిలో గొర్రెల మంద అడ్డమొస్తే రేసు వదిలాను. బండి నెమ్మదించలేదు, ముందుకే లాగింది. బ్రేకు అందుకునేలోపే వేరుశనగ చేనులో పడ్డాను.

దవాఖానకు వచ్చిన మామ జరిగింది విని, నా ఎడమచేతి కట్టు తడిమి, "మర ఇంజన్ చల్లగున్నప్పుడు తిప్పినవా, వేడెక్కినంకనా?" అన్నాడు.

"చల్లగున్నప్పుడే, మామా."

"ఇంట్ల డ్రైవర్ను పెట్టుకొని ఒక మాట అడగకపోతివి. నేనేమన్న కలెక్టర్నా? పొద్దుగాల బండికి జరసేపు చోక్ ఎత్తి పెట్రోలు ఎక్కువియ్యాలె, గంతే. దానికోసం దాని తీరే మారిస్తే, వేడెక్కినంక నీ మాట వింటదా?"

ఆ వారమే వనపర్తి నుంచి మా అన్న వచ్చాడు. "రాజీనామా రాయించి తీస్కపోత, మామా. ఆమెకీ బండేంది, ఈ పరేషానేంది?"

మామ తల అడ్డంగా ఊపాడు. "కొడుకు పోయిన ఈ ఇంటికి ఇంక చలి ఇడవలే. ఇప్పుడే ఏ మరా తిప్పకు. ఎండలు ముదరనీ, అప్పుడు ఆమెనే అడుగు."

నా కట్టు చూసిన హెడ్‌మాస్టరు పైకి రాయలేదు. జీతం లేని సెలవు ఇచ్చాడు. చేయి బాగయ్యాక మామ నాతో బండిని గద్వాల కోటదాకా రెండుసార్లు తిప్పించి, ఇంజన్ వేడిగా ఉండగా మరను నా చేతే వదులు చేయించాడు. "ఇంక జర... ఆగు. ఇప్పుడు ఇను." చప్పుడు తడబడకుండా, తొందరపడకుండా నిలిచింది. అప్పటినుంచి పది నిమిషాలు ముందే లేచి, చోక్ ఎత్తి, కిక్కు కొట్టి, రేసు ముట్టకుండా నిలబడేదాన్ని. ఇంజన్ కుదుటపడే కొద్దీ చోక్ దించేదాన్ని. అరుగు మీదినుంచి "ఇగ పో, బిడ్డా" అని వినపడ్డాకే కదిలేదాన్ని. మళ్లీ ఆలస్యం కాలేదు.

ఎండాకాలంలో అన్న అడిగాడు. ఇక్కడే ఉంటానన్నాను. బడి తలుపులు పదకొండేళ్లు తెరిచి రిటైరయ్యాను. అప్పటికి మామ లేడు. మొన్న జూన్‌లో అన్న మనవరాలు హాస్టల్లో చేరిన మొదటి వారమే ఏడ్చిందని, తెచ్చేస్తానన్నాడు. దసరాదాకా ఆగమన్నాను. ఆగాడు.

ఆ చలికాలం నాకు పోయినవి: బండి కుడి అద్దం, ఎడమ మణికట్టు తిరగడంలో సగం, ఒక నెల జీతం. ఉద్యోగం ఆ లెక్కలో లేదు.