బత్తాయి తొక్కల నీళ్లు

మా ఆయన చెంప మీది పుండు లోపలి నుంచి బయటికి తూటు పడ్డాక ఇంట్లో వాసన మొదలైంది. గుట్కా చేసిన పని. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసినన్నాళ్లూ వద్దని మొత్తుకున్నాను, వింటే కదా! దవాఖానవాళ్లు ముక్కులో పైపు వేసి పంపారు. పాలైనా జావైనా అందులోంచే, నోటికి ఏమీ పెట్టొద్దన్నారు.

ఆ వాసన ఆయనకు తెలియదు. రోజంతా అందులోనే ఉండి అలవాటైపోయింది. "ఏమన్న వాసనొస్తుందా?" అని అడిగితే "ఏం వస్తలేదు" అనేదాన్ని. ఎంత రోగమొచ్చినా రోజూ తెల్ల అంగీ వేయించుకునే మనిషి, ఈ సంగతి తెలిస్తే బతకడనిపించేది. సూర్యాపేటలో మా ఇంటికి వచ్చేవాళ్లు మాత్రం గుమ్మంలోనే బత్తాయిల సంచి పెట్టి పోయేవాళ్లు. మింగలేని మనిషికి బత్తాయిలేమిటో, వాళ్ల మొహం! తల్లి లేని ఆయనను పెంచిన అక్క కోదాడ నుంచి వచ్చి, ఆమె కూడా గది లోపలికి రాకుండానే వెళ్లిపోయింది.

"అక్క నా దగ్గర కూసోకుండనే పోయిందా?" అన్నాడు. బస్సు టైమైందని చెప్పాను.

ఆమె మళ్లీ వస్తానన్న రోజు ఎట్లాగైనా ఆయన పక్కన కూర్చోబెట్టాలనుకున్నాను. ఆకులు రాలే కాలంలో ఇల్లు ఘుమఘుమలాడాలంటే ఇట్లా చేయండని ఫోన్లో ఎవరో అమ్మాయి చూపిస్తోంది. బతుకమ్మ పండుగ పోయి వారం కాలేదు, మన దగ్గర ఆకులెక్కడ రాలుతున్నాయమ్మా అనుకుంటూనే చూశాను. బత్తాయి తొక్కలు, దాల్చినచెక్క, లవంగాలు, బిర్యానీ ఆకు గిన్నెడు నీళ్లలో వేసి సన్నమంట మీద పెట్టాను. ఇల్లంతా కమ్ముకుంది. ఆ దినుసులు కలిస్తే మన ఇళ్లలో ఏమనుకుంటారో నా పాడుబుర్రకు తట్టలేదు.

ఆడబిడ్డ వచ్చింది. నేరుగా వెళ్లి మంచం మీద కూర్చుని తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఆయన కళ్లు వెలిగిపోయాయి. తర్వాత ఆమె నా వైపు తిరిగింది.

"వీడు మెతుకు మింగలేక పడుంటే బిర్యానీ వండుకుంటున్నావా? ముద్ద ఎట్టా దిగుద్దే నీకు?"

ఆయన ముందు నిజం చెప్పలేను. తలవంచుకుని తిట్లన్నీ తిన్నాను. తిడుతూనే ఆమె సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది, అది చాలనుకున్నాను.

ఆమె పోయాక ఆయన మెల్లగా అన్నాడు. "ఒక్క మెతుకు నాలుక మీద పెట్టు. మింగను, ఉమ్మేస్త."

బిర్యానీ లేదంటే, మరి ఏం వండావంటాడు. దొడ్డి తలుపు నుంచి వెళ్లి హోటల్లో బిర్యానీ కట్టించుకొచ్చాను. ఒక్క మెతుకు నాలుక మీద పెట్టాను. కళ్లు మూసుకుని చాలాసేపు ఉంచుకున్నాడు.

"ఇది నువ్వు చేసింది కాదు," అన్నాడు. "మరి పొయ్యి మీద ఉడికిందేంది?"

ఇన్ని రోజులు అబద్ధాలాడిన నోటికి అప్పుడు ఇంకో అబద్ధం దొరకలేదు. "ఇంట్ల వాసన పోవాలని," అన్నాను.

ఏం వాసనని ఆయన అడగలేదు. "అక్క గందుకేనా ఆ దినం కూసోలే?" అన్నాడు. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

వారానికి ఆడబిడ్డ వస్తానని ఫోన్ చేస్తే రావద్దని చెప్పించాడు. ఆ తర్వాత పోయేదాకా ఎవరినీ గదిలోకి రానివ్వలేదు. నేను పుండు కడగబోయినా, ముందు ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మనేవాడు.