పప్పు ఉడకని నీళ్లు

ఇవాళ కట్టంగూర్ దగ్గర మా చిన్నాయన చేన్లో కొత్త బోరు పడింది. తడిసిన రాతిపొడి వాసన తగలగానే బాపు వేయించిన మొదటి బోరు గుర్తొచ్చింది. తెలంగాణ వచ్చిన కొత్తల్లో, నేను నాలుగో తరగతి. మా ఊరి దోస్తులారా, మీరూ ఆ బూడిదరంగు బురదలో నాతో గంతులేసిన వాళ్లే కదా!

ఆ రోజు ఊరంతా దోసిళ్లతో తాగింది. మా అవ్వ మాత్రం చుక్క ముట్టలేదు. చెంబెడు ఇంటికి తెచ్చి, ఒక కుండలో బోరు నీళ్లు, ఇంకో కుండలో మా బావి నీళ్లు పోసి, రెండింట్లోనూ కందిపప్పు పెట్టింది. బావి నీళ్లలోది వెన్నలా ఉడికింది. బోరు నీళ్లలోది గులకరాళ్లలాగే ఉండిపోయింది.

"గీ నీళ్లు ఏడికెల్లి గుంజుతున్నవో జర ఆలోచించు కొడకా. నాకైతే నమ్మకం లేదు," అంది బాపుతో.

"వరికి పప్పుతోని ఏం పనే అవ్వా?" అని బాపు నవ్వాడు. జొన్నచేను వరిమడి అయింది.

మూడో ఎండాకాలానికి, పప్పు ఉడికే మా బావి ఎండిపోయింది.

ఇవాళ్టి చిన్నాయన బోరు బాపు వేయించినదానికంటే చాలా లోతు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఒక సీసా నీళ్లు తెచ్చుకుని పొయ్యి మీద పప్పు పెట్టాను. గంట దాటింది. గరిటె తిప్పితే ఇంకా గలగలమంటోంది.